చుట్టానికి చెలిమె నీళ్లు

"ఆగు! ఆ ముంత కింద పెట్టు!"

బాలస్వామి ఉలిక్కిపడ్డాడు. ముంత అప్పటికే పెదాలకు ఆనింది. నల్లగొండలో బస్సు దిగి, అక్కడి నుంచి మర్రిగూడ దాకా ఎడ్లబండి మీద వైశాఖం ఎండలో ఎగిరెగిరి పడుతూ వచ్చిన మనిషికి అరుగు పక్కన నీళ్లకుండ కనబడితే ఇంకొకరిని అడిగే ఓపిక ఎక్కడిది? ముంచుకున్నాడు, ఎత్తుకున్నాడు. అంతలో లోపలి నుంచి ఒక అమ్మాయి దూసుకొచ్చి ముంత లాక్కుని, నీళ్లన్నీ గన్నేరు మొక్క మొదట్లో పోసేసింది.

"దాహమైతాంది! నీళ్లు తాగితే గూడ తప్పేనా?"

"తప్పే. గవి నీకు కావు."

"మరెవరికి?"

"ఇంటోళ్లకు. నువ్వు చుట్టానివి. గీడ కూసో, నీకు వేరే నీళ్లు తెస్త."

ఈ మాటలన్నీ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకునే అంది. కళ్లు మాత్రమే కనిపించాయి. ఆ కళ్లు నవ్వుతున్నాయని బాలస్వామికి గట్టి అనుమానం వచ్చింది. హైదరాబాదులో ఇంటరు ఫస్టు క్లాసులో పాసైనవాణ్ణి చూసి ఒక పల్లెటూరి పిల్ల నవ్వడమా!

ఆమె బిందె చంకనెత్తుకుని వాగు వైపు పోయింది. ఎంతకూ రాదే! అరుగు మీది నీడ జరిగి జరిగి, ఎండ అతడి కాళ్ల మీద పడుతున్న వేళకు వచ్చి, ఇత్తడి చెంబుతో నీళ్లిచ్చింది. చల్లగా, తియ్యగా ఉన్నాయి. అయినా అతడి కోపం చల్లారలేదు.

"శాన తొందరగనే తెచ్చినవు," అన్నాడు.

"పోయి వాగునడుగు. ఊరితెనే గదా నింపుకునేది," అని లోపలికి పోయింది, కొంగు నోటి మీది నుంచి తీయకుండానే.

అప్పుడొచ్చింది గుర్వమ్మ, బాలస్వామి నాయనమ్మ. "ఏందిరా, వచ్చుడు వచ్చుడే లొల్లి పెట్టుకున్నవా? అది మా తమ్ముని కొడుకు గాలయ్య బిడ్డ, అండాలు. నీకు మరదలైతది. గీ ఊరి బాయి నీళ్లు మంచియి కావు కొడుకా. వాగుల చెలిమె తోడితే దినాం ఒక్క బిందెడు మంచి నీళ్లొస్తయి. గవి చుట్టాలకు. మేం బాయి నీళ్లు తాగుతం."

"మంచియి కాకపోతే మీరెందుకు తాగుతరవ్వా?"

"మరి ఏం తాగాల్రా?" అంది అవ్వ.

బాలస్వామి చెంబు కింద పెట్టి తల దించుకున్నాడు.

అతడు అంత దూరం వచ్చింది అవ్వ కోసం. భువనగిరిలో వాళ్ల నాయిన దశరథానికి ఆముదాల వ్యాపారం. ఆ ఇంట్లో ఏ పెద్ద పని తలపెట్టినా అవ్వ దేవుడి దగ్గర పువ్వు అడిగాకే అడుగు ముందుకు పడుతుంది. రెండు పొట్లాల్లో రెండు రకాల పూలు కట్టి దేవుడి ముందు పెడుతుంది; తీసిన పొట్లంలో ఏ పువ్వుంటే అదే దేవుడి మాట. అవ్వేమో ఎండాకాలం వచ్చిందంటే పుట్టింట్లో మకాం. ఇప్పుడొచ్చిన పెద్ద పని బాలస్వామి చదువు. వాడికి ఇంజనీరు కావాలని ఉంది. నగరంలో ఆ చదువు ఉర్దూలో చెబుతారు. వీడు ఇంటరు చదివింది ఇంగ్లీషులో. అందుకని నిజాం రాజ్యం దాటి బయటికి అర్జీలు పెట్టుకున్నాడు. అదృష్టమనాలో మరేమనాలో, రెండు చోట్లా సీటొచ్చింది. ఒకటి మద్రాసులో గిండీ కాలేజీ. రెండోది ఎక్కడో హిమాలయాల దిగువన రూర్కీ. నాయిన మద్రాసన్నాడు. లెక్కల మాస్టరు రూర్కీ అన్నాడు. అమ్మ ఏ పేరు విన్నా ఏడ్చింది. చివరికి నాయిన విసిగిపోయి, "పోయి అవ్వను పువ్వడగమను," అని బస్సెక్కించాడు.

"అమాస పోనియ్యి. మంచి దినం చూసి అడుగుత," అంది అవ్వ.

సరే, అమావాస్య దాకా మర్రిగూడలోనే ఉండాలి. ఏం చేయాలి? మర్నాడు అండాలు బిందె ఎత్తుకోగానే బాలస్వామి లేచాడు.

"యాడికి?" అంది అండాలు.

"నా కోసమే గదా నీళ్లు తెచ్చేది. నేను గూడ తోడుత."

చెలిమె అంటే ఎంత, వాగు ఇసుకలో మోచేతి లోతు గుంట. చిప్పతో నాలుగుసార్లు తోడితే అడుగు తేలుతుంది. మళ్లీ ఊరే దాకా పక్కన కూర్చోవాలి. మొదటి రోజు ఆ ఆలస్యం బాలస్వామికి విసుగ్గా ఉంది. రెండో రోజుకు అలవాటైంది. ఆ తర్వాత, ఈ దిక్కుమాలిన వాగు ఇంకాస్త నిదానంగా ఊరితే దాని సొమ్మేం పోతుందని అనిపించడం మొదలైంది.

"మద్రాసు ఎంత దూరం బావా?"

"ఒక దినం రైలు. పండుగలకు ఇంటికి రావచ్చు."

"గా రెండోది?"

"రూర్కీనా? రైలు మీద రైలు మారుకుంట మూడు దినాలు. ఏడాదికొక్కసారి వస్తే గొప్ప. జర్మనీ యుద్ధం నడుస్తాంది గద, గది గూడ నమ్మకం లేదు."

"గంత దూరం పిలిచి ఏం నేర్పుతరు?"

"కాలువలు తవ్వుడు, కట్టలు కట్టుడు. ఆడ గంగను మలిపి పెద్ద కాలువ తీసిండ్రు. ఒక తాన ఆ కాలువ నది మీదికెల్లి పోతదట."

"నది మీదికెల్లా?"

"ఔ. కింద నది, దాని మీద వంతెన, వంతెన మీద కాలువ."

"నీళ్ల మీద నీళ్లు నడుస్తయా? పో బావా! సదువుకున్నోళ్లు గిట్లనే అబద్ధాలాడుతరా?" కొంగు నోటికి పోయింది. కళ్లు నవ్వాయి.

"నవ్వుకో. నేను మాట్లాడితెనే నీకు నవ్వొస్తది. ముఖం చూపెట్టి నవ్వరాదు? గా కొంగు చాటున ఎందుకు?"

అండాలు కళ్లలో నవ్వు ఆగిపోయింది. బిందె సగమైనా నిండలేదు, లేచి చక్కా పోయింది. ఆ రోజంతా అతడితో మాట్లాడలేదు. తనేమన్నాడో బాలస్వామికి ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

అర్థమయ్యే రోజు రానే వచ్చింది. ఆమె తల మీద ఒక కుండ, చంకలో బిందె. రెండు చేతులూ వాటికే సరిపోయాయి. "నేను పట్టుకుంట," అంటూ వీరుడిలా ముందుకొచ్చిన బాలస్వామి తడి ఇసుకలో జారి సరిగ్గా చెలిమెలో కూలబడ్డాడు. నడుం దాకా బురద. అండాలు ఆపుకోలేకపోయింది. గలగలా నవ్వేసింది. కొంగు అడ్డం పెట్టుకుందామంటే చేయి ఖాళీ లేదు.

అతడు చూశాడు. ముఖం చక్కని ముఖం. పళ్ల మీద మాత్రం గోధుమరంగు చారలు, అంచుల్లో చిన్న చిన్న గుంటలు. అతడు చూశాడని ఆమె చూసింది.

"సంబరమైందా?" అంది. "గీ ఊర్ల పుట్టినోళ్లందరికి గింతే. బాయి నీళ్లతోని వచ్చుడు. మా నాయిన నడుం చూసినవా? గది గూడ గా నీళ్లే అంటరు."

బాలస్వామి చూసే ఉన్నాడు. గాలయ్య మామకు గట్టిగా నలభై దాటలేదు. పక్కనున్న మనిషిని చూడాలంటే మెడ తిరగదు, మనిషి మొత్తం తిరగాలి. వంగి చెప్పు తొడుక్కోలేడు.

"అందుకేనా ఆనాడు ముంత గుంజుకున్నవు?"

"మరి? మంచి పండ్లున్నయి నీకు."

బురదలో కూర్చునే బాలస్వామి ఆమె వైపు చూస్తూ ఉండిపోయాడు. నవ్వు దాచుకునే ఆ పిల్ల అతడి పళ్లను కాపాడింది. ఆ పూట నుంచి అతడికి అన్నం సహించలేదు.

"అండాలూ," అన్నాడు మర్నాడు చెలిమె దగ్గర, "నేను మద్రాసు పోత."

"దేవుడు చెప్పాలె గద?"

"దేవుని ముంగట పొట్లం తీసేదెవరు? పెండ్లి గాని పిల్ల. అంటె నువ్వే. అవ్వ మద్రాసుకు మల్లెలు పెడతనన్నది, రూర్కీకి ఎర్ర గన్నేరు. మల్లె వాసన దాగుతదా? జర ముక్కు దగ్గర పెట్టుకొని గదే తియ్యి. మద్రాసైతె దసరాకొస్త, ఎండాకాలం మొత్తం ఉంట. నిన్ను చూడకుంట ఏండ్లకేండ్లు ఉండుడు నాతోని కాదు."

అండాలు తల వంచుకుని చిప్పతో నీళ్లు తోడుతూ ఉంది. ఆ మౌనాన్ని బాలస్వామి ఒప్పుకోలు కింద జమకట్టుకున్నాడు. ఇలాంటి లెక్కల్లో మగపిల్లలెప్పుడూ ఫస్టు క్లాసే.

అమావాస్య దాటిన మర్నాడు పొద్దున్నే అవ్వ దేవుడి గూట్లో దీపం పెట్టింది. మోదుగాకుల్లో చుట్టి, నూలుతో కట్టిన రెండు పొట్లాలు. పైకి రెండూ ఒకటే. గాలయ్య గోడకు నిటారుగా ఆనుకుని నిలబడ్డాడు. అండాలు తల్లి శ్యామలమ్మ కొంగు నెత్తిన వేసుకుని చేతులు జోడించింది.

అండాలు తలంటుకుని వచ్చింది. ఒక పొట్లం తీసి కళ్లకద్దుకుని కింద పెట్టింది. రెండోది తీసి కళ్లకద్దుకుంది. కళ్ల దాకా పోయింది ముక్కు దాకా పోకుండా ఉంటుందా? బాలస్వామి ధీమాగా చూస్తున్నాడు. ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుని, చేతిలో ఉన్నదాన్ని అవ్వకిచ్చింది.

అవ్వ విప్పింది. ఎర్రగన్నేరు.

"రూర్కీ!" అంది అవ్వ. "దండం పెట్టుకో కొడుకా."

బాలస్వామి దండం పెట్టుకున్నాడో లేదో అతడికే తెలియదు. ఆ రోజంతా అరుగు దిగలేదు. తన గురించి ఆ పిల్ల మనసులో ఏమీ లేదన్నమాట. పీడా పోతుందని ఆమే దూరంగా పంపేసిందన్నమాట. అండాలు చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెడితే ముఖం తిప్పుకున్నాడు.

తెల్లారి బండి కట్టారు. సంచి ఎత్తుతుంటే అవ్వ దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది: "మల్లెకు వాసనుంటదని నాకు తెల్వదనుకున్నవారా? కావాలనే పెట్టిన. పిల్ల మనసు యాడున్నదో చూద్దామని."

"చూసినవు గదా. నేనంటె దానికి..."

"నేను చూసిన. నువ్వే చూడలే. పోయి అడుగు, మొద్దు నాయినా!"

అండాలు పెరట్లో గిన్నెలు తోముతోంది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నీకు వాసన తెల్వలేదా?" అన్నాడు.

"తెలిసింది."

"తెలిసే గన్నేరు తీసినవా?"

"తెలిసే తీసిన." బూడిద చేయి కడుక్కుని లేచింది. "మద్రాసు పోతే నువ్వు ఉరికురికి వస్తవు బావా. చెలిమె కాడ కూసుందుం, ముచ్చట పెడుదుం. నాకు మస్తుగనే ఉంటది. గని మా నాయిన నడుం సంగతేంది? రేపు మా తమ్ముల పండ్ల సంగతేంది? నీళ్ల మీద నీళ్లు నడిపిచ్చే జాగా ఉన్నదని నువ్వే చెప్తివి. గది నేర్సుకోకుంట నా మొఖం చూసుకుంట కూసుంటవా? నాకు నువ్వొక్కనివి వస్తె చాలదు. నీళ్లు గూడ రావాలె."

"మరి నువ్వు?"

"నేనేడికి పోత? గీడనే ఉంట." ఇక ఆపుకోలేక ఏడ్చేసింది. "ఆ పొట్లం మల్ల కింద పెట్టి మల్లెలది తీద్దామని ఎంత గుంజిందో నా పానం, నీకేం తెల్సు?"

బాలస్వామికి ఆ క్షణంలో రూర్కీ, మద్రాసు రెండూ భూమ్మీద లేకపోతే బాగుండుననిపించింది. అరుగు పక్కనున్న కుండ వైపు చూపించాడు.

"ఒక్క ముంతెడు గా నీళ్లియ్యి. నేను చుట్టాన్ని కాను."

"ఇప్పుడు చుట్టానివే," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "సదువైనంక రా. గప్పుడు నా చేత్తోని నేనే ఇస్త, గదే ముంతల."

బండి కదిలింది. వాగు దాటేదాకా అతడు వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

రూర్కీలో కాలువ నిండుగా పారుతుండేది. మంచుకొండల నీళ్లు, వేలు ముంచితే జిల్లుమనేవి. తోటి విద్యార్థులు సాయంత్రాలు గట్టు మీద షికారు చేస్తుంటే బాలస్వామి మెట్ల మీద కూర్చునేవాడు. ఇన్ని నీళ్లు ఇక్కడ ఎవరికీ పట్టకుండా పోతున్నాయే, అక్కడ ఒక బిందె కోసం ఆ పిల్ల చిప్ప పట్టుకుని కూర్చుని ఉంటుందే అనుకునేవాడు. ఒక్కోసారి దోసిట నీళ్లు తీసుకుని, తాగబుద్ధి కాక వదిలేసేవాడు.

పెళ్లి కాని పిల్లకు ఉత్తరం రాయకూడదు కదా. గాలయ్య మామ పేర రాసేవాడు. ఊరి పంతులు అరుగు మీద కూర్చుని అందరికీ వినిపించేలా చదివేవాడు. "అండాలుకు చెప్పండి, నీళ్ల మీద నీళ్లు నడుస్తున్నాయి, నా కళ్లతో చూశాను," అని ఒక ముక్క మాత్రం తప్పకుండా ఉండేది. జవాబులో చివర ఎప్పుడూ ఒకే మాట: "చెలిమె ఎండలేదని అండాలు రాయమన్నది." ఆ ముక్క మీద వేలు పెట్టుకుని అతడు నిద్రపోయేవాడు. సెలవులొచ్చాయి, పోయాయి. యుద్ధపు సైనికులతో రైళ్లు కిక్కిరిసి ఇంటికి పోవడం కుదరలేదు.

యుద్ధం ఆగింది. చదువు ముగియవస్తోంది. అప్పుడొచ్చిన ఉత్తరంలో చెలిమె మాట లేదు. శ్యామలమ్మ అత్త రాయించింది: "అండాలుకు సంబంధాలు చూస్తున్నం. పిల్లకు ఈడు దాటుతాంది. దేవరకొండ పిలగాడొకడు వచ్చి చూసి పోయిండు. పండ్లు అట్లున్నా సరే అన్నడు. నువ్వు గూడ పెండ్లికి రావాలె."

బాలస్వామి ఆఖరి పరీక్ష ఎలా రాశాడో వాడికే తెలియదు. మూడు రోజుల రైళ్లలో కన్ను మూయలేదు. భువనగిరిలో కూడా దిగలేదు. నేరుగా నల్లగొండ పోయాడు, అక్కడ ఎడ్లబండి ఎక్కాడు.

అదే అరుగు. అదే కుండ. కుండ మీద ముంత బోర్లించి ఉంది. గాలయ్య ఇప్పుడు కర్ర పట్టుకుని ఉన్నాడు. అడుగుల చప్పుడు విని మనిషి మొత్తం ఇటు తిరిగాడు.

"అల్లుడా! వచ్చినవా? కూసో, కూసో. అండాలూ, బావొచ్చిండు, నీళ్లు తే!"

బాలస్వామి కూర్చున్నాడు. పెళ్లి కుదిరిందా? కుదిరితే తాను చుట్టం, అంతే. లోపల ఇత్తడి చెంబు చప్పుడైంది. చెంబంటే చెలిమె నీళ్లు. చెలిమె నీళ్లంటే చుట్టానికి.

అండాలు చెంబుతో బయటికొచ్చింది. కొంచెం చిక్కింది. కొంగు నోటికి అడ్డం ఉంది. చెంబు అతడి ముందు పెట్టింది.

"వీటితోని కాళ్లు కడుక్కో," అంది.

కుండ దగ్గరికి నడిచింది. ముంత తిప్పి, ముంచి, రెండు చేతులా పట్టుకొచ్చి అతడికి అందించింది.

"ఏయ్!" అన్నాడు గాలయ్య కర్ర తాటిస్తూ. "చుట్టానికి బాయి నీళ్లిస్తవేందే? మతి పోయిందా?"

"చుట్టం కాదు నాయినా," అంది అండాలు.

శ్యామలమ్మ గడపలోకొచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత మెల్లగా అంది: "మరి దేవరకొండోళ్లకు ఏం చెప్పాల్నే?"

"గా పిలగానికి నేను చెలిమె నీళ్లిచ్చిన గదమ్మా. ఇంకేం చెప్పాలె?"

బాలస్వామి ముంత ఎత్తి తాగాడు. నీళ్లు చప్పగా, మింగాక కాస్త ఉప్పగా ఉన్నాయి. ఇన్నేళ్లూ తాను ఎదురుచూసింది ఈ రుచి కోసమేనా అని నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. మళ్లీ ఎత్తబోతుంటే గాలయ్య కర్రతో ముంతను ఆపాడు.

"ఒక్క గుక్క చాలు, ఇంటోనివైతివి. మిగిలింది చెలిమెది తాగు అల్లుడా. నీ పండ్లు గూడ ఖరాబైతె గా కాలువ ఎవడు తవ్విస్తడు?"

అండాలు గలగలా నవ్వింది. రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. కొంగు భుజం మీదనే ఉంది.